ట్రంకు పెట్టె నుంచి రన్‌వే దాకా: బెజవాడ, గుంటూరు ప్రాంతంలో యుద్ధకాలపు సామాను సేకరణ

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ముందుగా బేరం చేసేది మెటల్ డిటెక్టర్‌ని. మన ప్రాంతంలో అది దండగ ఖర్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసి వెళ్లాయి గానీ, కృష్ణా డెల్టా పొలాల్లో ఆ యుద్ధపు సైన్యాలు తలపడలేదు. తవ్వితే హెల్మెట్లు బయటపడే నేల కాదిది. పైగా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. భూమిలో దాగి ఉన్నదేదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత కట్టడాల ఆవరణలో పార పెడితే కేసే.

మన దగ్గర సరుకంతా ఇళ్లలో ఉంది. మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంలో, మద్రాస్ రెజిమెంట్‌లో, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసి వచ్చినవాళ్ల మెడళ్లు, పే బుక్కులు (సైనికుడి జీతం, సర్వీసు వివరాలు రాసే పుస్తకాలు), డిశ్చార్జి కాగితాలు, ఉత్తరాలు అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పడి ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు. 1965, 1971 యుద్ధాల వస్తువులు ఇంకా ఎక్కువ. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల దగ్గర జపాన్ ఆక్రమణ నోట్లు కూడా కనిపిస్తాయి. వాటి మీద ‘జపనీస్ గవర్నమెంట్’ అని ఉంటుంది, వరస నంబరు ఉండదు, ‘బి’తో మొదలయ్యే అక్షరాలు ఉంటాయి. నోట్ల అంచనాకు ఇంతకన్నా పెద్ద విద్య అక్కర్లేదు.

మెడల్‌కి మాత్రం కావాలి.

అంచు చదవడం

గుండ్రటి మెడల్ చేతికి రాగానే బొమ్మ చూడకండి, అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అచ్చొత్తి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉండే 1914-15 స్టార్‌కి అవి వెనకవైపున ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధపు మెడళ్లను బ్రిటన్ సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులకు ఇచ్చినవాటిలో కొన్నింటి మీదే పేరు ఉంటుంది. కాబట్టి బర్మా స్టార్ వెనక నున్నగా ఉన్నంత మాత్రాన అది నకిలీ అనుకోవద్దు. స్వతంత్ర భారతదేశం ఇచ్చినవాటి మీద, అంటే 1965 సమర సేవా స్టార్, రక్షా మెడల్, 1971 పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్‌ల మీద సాధారణంగా నంబరు, పేరు ఉంటాయి. నంబరు ముందు ‘జేసీ’ ఉంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, ‘ఐసీ’ ఉంటే కమిషన్డ్ ఆఫీసర్. పేరు లేని పూర్వీ స్టార్ చాలావరకు మిలిటరీ దర్జీ కొట్లలో తొడుక్కోవడానికి అమ్మే నకలు. అది మోసం కాదు, కానీ దాని ధర వేరు.

పేరు ఉన్న మెడల్‌తో వచ్చే మోసం ఏమిటంటే, పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కడం. దీన్ని పట్టుకోవడానికి డిజిటల్ వెర్నియర్ చాలు. బ్రిటిష్ గుండ్రటి మెడళ్లు 36 మి.మీ. వ్యాసం ఉంటాయి. చుట్టూ ఎనిమిది, పది చోట్ల కొలవండి. ఒకచోట 36, ఇంకోచోట 35.7 వస్తే అంచును ఆకురాయి పెట్టి అరగదీసినట్టే. అక్షరాలను పది రెట్ల భూతద్దంలో చూడండి. అచ్చుతో కొట్టినవైతే అన్నీ ఒకే లోతులో ఉంటాయి, చేత్తో చెక్కినవైతే గీత మొదట్లో సన్నగా మొదలై మధ్యలో వెడల్పవుతుంది. అయితే పాత కాలంలో కొన్ని మెడళ్లను అధికారికంగానే చెక్కించారు. అందుకని చెక్కుడు అక్షరాలు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. చెక్కుడుతో పాటు అంచు పలచబడితేనే పక్కన పెట్టాలి.

పోతపోసిన నకిలీని పట్టుకోవడం తేలిక. బొమ్మ చుట్టూ నున్నగా ఉండాల్సిన చోట సూదిమొనంత గుంటలు, అక్షరాల అంచులు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉండడం, అంచు వెంట సన్నటి అతుకు గీత. ఈ మూడింట్లో రెండు ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. లేబర్ కోర్‌లలో, అంటే కూలి దళాల్లో పనిచేసినవాళ్లకు అదే మెడల్‌ని కంచులో ఇచ్చారు. ఆ కంచు మెడల్ అరుదు. వెండా, రంగు పూసినదా అన్న అనుమానం వస్తే గీకి చూడొద్దు. 0.01 గ్రాముల కాటా ఉంటే ఇంట్లోనే తేల్చవచ్చు. రిబ్బన్ తీసేసి మెడల్ తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. మెడల్‌ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ పక్కలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే అంకెతో మొదటి బరువును భాగించాలి. ఉదాహరణకి బరువు 31.2, నీళ్లలో అంకె 3.0 అయితే జవాబు 10.4, అంటే స్టెర్లింగ్ (92.5 శాతం) వెండి. జవాబు 8.9 దరిదాపుల్లో వస్తే అది వెండి కాదు, రాగి-నికెల్ లాంటి మిశ్రమం. మెడల్‌కి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. ముంచాక దారాన్ని రెండుసార్లు మెల్లగా తట్టి, ఆ తర్వాత అంకె చూడండి.

బార్‌కి వరసగా కుట్టిన మెడళ్లు అమ్మకానికి వస్తే, ఆ వరస ఒకే మనిషిదా, అమ్మేవాడు పోగేసిందా అని చూడాలి. ఒకే మనిషి బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ పెట్టుకోడు. ఒక స్టార్ ఇచ్చి రెండోదానికి రిబ్బన్ మీద క్లాస్ప్ (చిన్న లోహపు పట్టీ) మాత్రమే ఇచ్చేవారు. ఈ రెండూ పక్కపక్కనే ఉంటే ఎవరో కలిపి కుట్టారని అర్థం. స్టార్‌లు ముందు, డిఫెన్స్ మెడల్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ ఆ తర్వాత రావాలి. వార్ మెడల్ 1939-45కి ఒకవైపు కిరీటంతో ఆరో జార్జి తల, రెండోవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉంటాయి.

మెడల్ కాని సామానుకి కాలం కట్టడానికి రెండు గుర్తులు చాలు. బాణం ములికి లాంటి ముద్ర, దాని కింద ఆంగ్ల ‘ఐ’ ఉంటే బ్రిటిష్ ఇండియా సైన్యపు ఆస్తి. నీళ్ల సీసా, బెల్టు, మెస్ టిన్ ఏదైనా సరే ముందు ఈ ముద్ర, పక్కన సంవత్సరం వెతకండి. బొత్తాల మీద, బ్యాడ్జీల మీద రాజుగారి కిరీటం ఉంటే 1950కి ముందు, అశోక సింహాలుంటే తర్వాత. 1937 నమూనా నవారు బెల్టులూ పౌచులూ ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. ముద్ర మరీ నల్లగా, బొద్దుగా ఉండి, మడత లోపలా బయటా నవారు ఒకే రంగులో ఉంటే అది కొత్తదే. ఎండా చెమటా చూసిన నవారుకి మడత లోపల రంగు ముదురుగా మిగులుతుంది.

ఎక్కడ, ఎలా అడగాలి

ఆటోనగర్ పాత ఇనుము యార్డులు, వన్‌టౌన్‌లో పాత ఇత్తడి కొనే కొట్లు, ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల దుకాణాలు చూడండి. గుంటూరులో పట్నం బజారు వైపు చూడండి. ఇత్తడి కొట్లో మెడల్ కేజీల లెక్కన కరగడానికి పోతుంది కాబట్టి, వారానికోసారి కనిపించి ‘బొమ్మలున్న బిళ్లలు’ పక్కన పెట్టమని చెప్పి ఉంచడమే అసలు పద్ధతి. పాత పుస్తకాల దుకాణంలో మాత్రం మెడల్ అడగకండి. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉన్న కవర్లు, సెన్సార్ ముద్ర ఉన్న ఉత్తరాలు, గ్రూపు ఫొటోలు అడగండి.

ఇంటికి వెళ్తే డబ్బు మాట చివర్లో రావాలి. “అమ్మగారూ, తాతగారు ఏ పలటన్‌లో చేసేవారండీ?” అని మొదలుపెడితే పెట్టె దానంతటదే తెరుచుకుంటుంది. “మీ దగ్గర మెడళ్లున్నాయా, కొంటాం” అంటే ఉన్నవి కూడా లేవంటారు. కుటుంబం అమ్మనంటే బలవంతం చేయొద్దు. అంచు, ముందు, వెనక ఫొటోలు తీసుకుని, కాగితాలు ఎలా దాచుకోవాలో చెప్పి రండి. అమ్మితే అక్కడికక్కడే ఒక కాగితం రాయించుకోవాలి: తేదీ, ఊరు, ఎవరి వస్తువు, అమ్మేవారికి ఏమవుతారు, దానితో పాటు ఏమేమి ఇచ్చారు, సంతకం. మెడల్‌ని ఒకరికి, పే బుక్కుని ఇంకొకరికి అమ్మడం ఈ వ్యాపారంలో జరిగే అతి పెద్ద పాడు పని. అవి కలిసి ఉన్నప్పుడే అది ఒక మనిషి చరిత్ర. విడదీస్తే ఒకటి లోహం, ఇంకోటి చిత్తుకాగితం.

నంబరు, యూనిట్ దొరికాక యుద్ధంలో చనిపోయినవాళ్ల వివరాలకి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. పేరు స్పెల్లింగ్ రకరకాలుగా ఉంటుంది కాబట్టి నంబరుతోనే మొదలుపెట్టండి. బతికి వచ్చినవాళ్లకైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, ఆ రెజిమెంట్ రికార్డు ఆఫీసు ద్వారా కుటుంబం చేతే అడిగించాలి. బయటివాళ్లకి జవాబు రాదు.

ఇంట్లో పెట్టుకోకూడనివి

పేలని తూటా ఒక్కటైనా సరే, 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదు. తుపాకీ విడిభాగం కూడా తుపాకీ కిందే లెక్క. ఎలా బాగుచేసినా పేలదన్న పాత నమూనా ఆయుధానికి 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నా, అలాంటిదని మీకు మీరే తేల్చుకోవడం కుదరదు. బాయ్‌నెట్లను (తుపాకీ కొసకు తగిలించే కత్తులను) 2016 ఆయుధ నిబంధనల్లో ఐదో వర్గంలో పేరుతో సహా రాశారు. 1907 నమూనా బాయ్‌నెట్ అలుగు 17 అంగుళాలు, ఇషాపూర్ తుపాకీ ఫ్యాక్టరీలో కురచ చేసినది 12. రెండూ ఆ వర్గంలోవే. ఇలాంటివాటికి లైసెన్సు అవసరమా అన్నది ఆ ప్రాంతానికి నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొనకముందే పోలీసు కమిషనరేట్‌లోనో కలెక్టరేట్‌లోనో ఆయుధ లైసెన్సుల విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

వందేళ్లు నిండిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధపు మెడళ్లు చాలావరకు ఇప్పుడు ఆ గీత దాటాయి. అలాంటివాటిని విదేశీ కొనుగోలుదారుకి పోస్టులో పంపడం నేరం. యూనిఫాం దాచుకోవచ్చు గానీ, సైనికుడని నమ్మించేలా తొడుక్కుని తిరిగితే భారత న్యాయ సంహిత 168 కింద శిక్ష పడుతుంది.

శుభ్రం చేయడం, దాచడం

మన ఇళ్లలో మెడళ్లకి పట్టిన పెద్ద శత్రువు చింతపండు. పండక్కి ఇత్తడి సామానుతో పాటు మెడల్‌నీ చింతపండూ బూడిదా వేసి తోముతారు. రెండేళ్లు అలా చేస్తే రాజుగారి ముక్కూ, అంచు మీద పేరూ రెండూ పోతాయి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. జిడ్డు ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి దూదిపుల్లతో తుడవండి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టండి. అంతే. రిబ్బన్ తడవకూడదు, దాని రంగు కారుతుంది. వెలిసిన పాత రిబ్బన్ స్థానంలో కొత్తది కుట్టించాలనుకుంటే పాతదాన్ని పారేయకుండా అదే డబ్బాలో ఉంచండి. కంచు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది మామూలు చిలుము కాదు, ఉప్పు లోపలికి దిగి లోహాన్ని తింటోందని అర్థం. టూత్‌పిక్‌తో ఆ పొడి గీకేసి, వెంటనే తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలోకి మార్చి, మిగతావాటికి దూరంగా ఉంచాలి.

ఇనుముకి తుప్పు పడితే ముందు రంగు మిగిలిందా అని చూడండి. హెల్మెట్ మీద, పెట్టె మీద పాత రంగు, యూనిట్ గుర్తు ఉంటే కుట్టుమిషన్ నూనె రాసి ఒక రాత్రి ఉంచి, గుడ్డతో తుడిచి ఆపేయాలి. రంగేమీ లేని మందపాటి తుప్పుకి 0000 నంబరు స్టీల్ ఊల్, నూనె. అదీ లొంగకపోతే ఎలక్ట్రాలిసిస్, అంటే కరెంటుతో తుప్పు వదిలించడం. ప్లాస్టిక్ తొట్టిలో లీటరుకి ఒక టేబుల్ స్పూను వాషింగ్ సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ వస్తువుకి, పాజిటివ్ తీగ మామూలు ఇనప రేకుకి. రెండూ తగలకూడదు. తీగలు తారుమారైతే తుప్పుకి బదులు వస్తువే కరిగిపోతుంది. రేకుగా స్టెయిన్‌లెస్ స్టీల్ వాడొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకి దూరంగా చేయండి. ఛార్జర్ ఆపాకే చెయ్యి పెట్టండి. ఇత్తడి, అల్యూమినియం, పూత ఉన్న వస్తువులు ఇందులో వేయకూడదు. బయటికి తీసిన పది నిమిషాల్లో కొత్త తుప్పు మొదలవుతుంది. వెంటనే కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, మైక్రోక్రిస్టలైన్ మైనం పూయండి.

ఉన్ని కోటుకి పురుగు పడితే కలరా ఉండలు వేసి ఊరుకోవద్దు. జిప్ కవర్లో గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. మధ్యలో కరెంటు పోయి ఫ్రీజర్ కరిగితే లెక్క మళ్లీ మొదటినుంచి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు గదిలో ఉంచాలి, లేకపోతే గుడ్డ మీద నీరు పడుతుంది.

కాగితానికి లామినేషన్, సెలోటేప్ రెండూ వద్దు. మడతలో బిగుసుకున్న ఉత్తరాన్ని తేమ పట్టించి విప్పే పద్ధతి ఒకటి ఉంది: మూత ఉన్న డబ్బా అడుగున తడి గుడ్డ, దాని పైన జల్లెడ, ఆ జల్లెడ మీద కాగితం, మూడు నాలుగు గంటలు. కానీ ముందు అక్షరాలు చూడండి. సైనికుల ఉత్తరాలు చాలా కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. పొడిగా ఉన్నప్పుడు మామూలు పెన్సిల్‌లా బూడిద రంగులో కనిపించి, తేమ తగలగానే ఊదారంగుకి మారి పాకుతుంది. ఎక్కడైనా ఒక్క ఊదా మచ్చ కనిపించినా ఈ పద్ధతి పెట్టకూడదు. దాచడానికి పాలిస్టర్ కవర్లు వాడండి. మామూలు పీవీసీ కవర్లు కొన్నేళ్లకి జిగటై అక్షరాలు ఊడబెరుకుతాయి.

బెజవాడలో వానాకాలం గాల్లో తేమ లోహాన్నీ కాగితాన్నీ రెండింటినీ తింటుంది. కానీ వాటికి కావాల్సిన పొడి ఒకటి కాదు. లోహానికి తేమ 40 శాతం లోపు, కాగితానికి 45 నుంచి 55 మధ్య ఉండాలి. అందుకే వేరువేరు డబ్బాలు. గాలి చొరని 20 లీటర్ల లోహపు డబ్బాకి 300, 400 గ్రాముల సిలికా జెల్ వేసి, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. డబ్బాలు నేల మీద గానీ, కింది అరలో గానీ వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు కింది అరల్లో ఉన్నవి ఏమయ్యాయో ఆ వైపువాళ్లు చెప్పగలరు.

వదిలేసిన స్థలాలు చూడటం

దగ్గర్లో కొండపల్లి కోట ఉంది, అందులో ఆంగ్లేయుల బారకాసులు, శ్మశానం ఉన్నాయి. 1759లో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర గెలుచుకున్న బందరు కోట, 1864 నవంబరు తుపాను తర్వాత కళ తప్పింది. రెండో ప్రపంచ యుద్ధపు విమాన దిగుడు చోట్లు కావాలంటే తాడేపల్లిగూడెం, గుంటూరు-నంద్యాల రైలు దారిలోని దొనకొండ. గన్నవరం కథా ఆ యుద్ధంతోనే మొదలైనా, ఇప్పుడది నడుస్తున్న విమానాశ్రయం, వదిలేయండి.

బయల్దేరేముందు పని ఇంట్లోనే ఎక్కువ. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో 1:50,000 టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, ఊళ్లు, దారులు చూపే మ్యాపులు) ఉచితం. పాత నంబర్లలో విజయవాడ 65డి/10, గుంటూరు 65డి/7. అమెరికా సైన్యం మ్యాప్ సర్వీస్ 1950ల్లో వేసిన 1:250,000 యు502 శ్రేణి మ్యాపులు టెక్సాస్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయ సైట్లో దొరుకుతాయి, వాటిలో ఎయిర్‌ఫీల్డ్‌ల గుర్తులు ఉంటాయి. వాటిని ఉపగ్రహ చిత్రంతో పోల్చండి. ఆనాటి బ్రిటిష్ ప్రమాణపు ప్రధాన రన్‌వే 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు. పొలాల గట్లు అడ్డం తిరిగినా ఆ తిన్నని గీత చాలాచోట్ల పైరు రంగులో తేడాగా కనిపిస్తుంది.

తర్వాత ఆ చోటు సర్వే నంబరుకి మీభూమి అనే ప్రభుత్వ భూరికార్డుల సైట్లో అడంగల్ చూడండి. రైతు పేరు ఉంటే రైతునే అడగాలి. ప్రభుత్వ భూమి అయితే వీఆర్వో ద్వారా తహసీల్దారుకి కాగితం పెట్టండి. రక్షణ శాఖ, విమానాశ్రయ సంస్థ పేరు ఉంటే అనుమతి చేతికి రానిదే గేటు దాటొద్దు. బోర్డు పడిపోయినంత మాత్రాన నిషిద్ధ ప్రాంతం కాకుండా పోదు, 1923 అధికార రహస్యాల చట్టం ఫొటోకి కూడా వర్తిస్తుంది. డ్రోన్ ఎగరేయాలంటే పౌర విమానయాన శాఖ వాళ్ల డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. సూర్యలంక వైపు వైమానిక దళం క్షిపణులు ప్రయోగించే తీరం ఉంది. అక్కడ తీరానికి కొట్టుకొచ్చిన లోహపు ముక్క ఏదైనా ముట్టుకోవద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి, ముగ్గురికి తక్కువ కాకుండా. మడమ దాటే బూట్లు, తలా రెండు మూడు లీటర్ల నీళ్లు, రెండు టార్చిలు, కొలత టేపు, ఒక కర్ర. కర్ర ఎందుకంటే రక్తపింజర అడుగుల చప్పుడుకి కదలదు, గడ్డిని ముందు కర్రతో తట్టాలి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేయాలి. నేల కిందున్న గదుల్లోకి దిగకండి. గాలి ఆడని చోట ప్రాణవాయువు తక్కువని ముక్కుకి తెలియదు. విరిగిన ఆస్‌బెస్టాస్ రేకుల మీద నడిస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. ప్రతి కట్టడానికీ నాలుగు వైపులా, టేపు పక్కన పెట్టి ఫొటో తీయండి. ఇటుక కొలత, సిమెంటులో వేసిన సంవత్సరం, గోడ మీద స్టెన్సిల్ అక్షరాలు రాసుకోండి. ఏదీ ఊడదీసి తేవద్దు.

గుండులా, గొట్టంలా, తోక రెక్కలతో తుప్పుపట్టిన వస్తువు కనిపిస్తే అది బతికే ఉందనుకోండి. తుప్పు లోపలి మందుని చంపదు, కొన్నింటిని ఇంకా సున్నితం చేస్తుంది. కర్రతో కూడా కదపొద్దు. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి నడిచి, కనీసం వంద మీటర్లు దాటాక, పెద్దదైతే ఇంకా ఎక్కువ దూరం వెళ్లాక 112కి ఫోన్ చేయండి. దూరం నుంచే తీసిన ఫొటో, జీపీఎస్ అంకెలు, దగ్గరి చెట్టో స్తంభమో గుర్తు చెప్పండి. పోలీసులు వచ్చేదాకా గొర్రెల కాపర్లనీ పిల్లల్నీ అటు పోనివ్వకుండా ఇద్దరు దారిలో నిలబడాలి. అటక మీద ఇత్తడి గుండు కనిపించినా ఇదే వరస, మూడు తరాలుగా పూలకుండీగా వాడుతున్నామని ఇంటివాళ్లు చెప్పినా సరే. బాంబు స్క్వాడ్ తీసుకెళ్లాక పంచనామా నకలు అడిగి, ఆ ఇంటివాళ్ల దగ్గరే ఉంచమనండి.